టెర్మినల్ సర్వర్‌లో యూజర్ ప్రొఫైళ్లు: మన ఆఫీసుకు ఏ పద్ధతి నప్పుతుంది?

టెర్మినల్ సర్వర్ (చాలామంది దూరం నుంచి లాగిన్ అయి ఒకేసారి పనిచేసుకునే సర్వర్) కొనేటప్పుడు అందరూ ర్యామ్ ఎంత ఉండాలి, ప్రాసెసర్ ఏది, లైసెన్సులకు ఎంతవుతుంది అని అడుగుతారు. యూజర్ ప్రొఫైళ్లు, అంటే ఒక్కొక్కరి ఫైళ్లు, సెట్టింగులు ఉండే ఫోల్డర్లు, ఎక్కడ ఉంచుదాం అని అడిగేవాళ్లు అరుదు. తీరా పని మొదలయ్యాక వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంటుంది. పొద్దున్న లాగిన్‌కి ఐదు నిమిషాలు పడుతోందని ఒకరు, నిన్న డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు ఇవాళ లేదని ఇంకొకరు, తెలుగు కీబోర్డు పెట్టుకుంటే మర్నాటికి పోతోందని మరొకరు.

నేను పనిచేసేది ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల. ఇక్కడ ఆడిటర్ ఆఫీసులు, రైస్ మిల్లులు, నర్సింగ్ హోములు, కాలేజీ ల్యాబుల్లో దాదాపు ఒకటే అమరిక కనిపిస్తుంది. మెయిన్ ఆఫీసులో ఒక విండోస్ సర్వర్, అందులో ట్యాలీ, ఎక్సెల్, బిల్లింగ్ ప్రోగ్రామ్. బ్రాంచిలో కూర్చున్నవాళ్లు పాత కంప్యూటర్ నుంచైనా రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఆ సర్వర్‌లోకి వచ్చి పని చేసుకుంటారు. అలాంటి ఆఫీసు నడిపేవాళ్ల కోసం, వాళ్ల సిస్టమ్‌లు చూసుకునే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. సర్వర్ ఒక్కటే అయితే లోకల్ ప్రొఫైల్ (ఆ సర్వర్‌లోనే ఉండేది) చాలు. రెండో సర్వర్ వచ్చిన రోజు నుంచి ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌కి (ఒక్కొక్కరి ప్రొఫైల్‌ను ఒక్కో డిస్కు ఫైలుగా ఉంచే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) మారండి. ల్యాబులకు, అందరూ వాడే కౌంటర్ మెషిన్లకు మ్యాండేటరీ ప్రొఫైల్ (సైన్ అవుట్ కాగానే మార్పులు చెరిగిపోయేది). రోమింగ్ ప్రొఫైల్ (లాగిన్ అయిన ప్రతిసారీ సర్వర్‌లోకి కాపీ అయ్యేది) మాత్రం ఇప్పుడు కొత్తగా ఎవరూ మొదలుపెట్టొద్దు. ఏ పద్ధతి తీసుకున్నా అసలు డేటా ప్రొఫైల్ బయట, సర్వర్ షేర్‌లో (నెట్‌వర్క్ మీద తెరుచుకునే ఉమ్మడి ఫోల్డర్) ఉండాలి. ఎందుకో వివరంగా చూద్దాం.

ప్రొఫైల్ అంటే ఏయే సామాను

విండోస్‌లో ఒక మనిషి మొదటిసారి లాగిన్ కాగానే సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ కింద ఆయన పేరుతో ఒక ఫోల్డర్ తయారవుతుంది. అదే ప్రొఫైల్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అందులో కంటికి కనిపించేవి. కనిపించకుండా దాగినవి ఇంకా ముఖ్యం. ఎన్‌టీయూజర్.డ్యాట్ అనే ఫైల్లో ఆయన రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) సెట్టింగులన్నీ ఉంటాయి: కీబోర్డు, డిఫాల్ట్ ప్రింటర్, తేదీ ఎలా కనిపించాలి, ఎక్సెల్ ఎలా తెరుచుకోవాలి, అన్నీ. యాప్‌డేటా అనే మరో ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో రోమింగ్, లోకల్ అని వేర్వేరు భాగాలు.

ఈ యాప్‌డేటా విభజన గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చాలా గొడవ దీనితోనే. గూగుల్ క్రోమ్ తన బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు లోకల్ భాగంలో పెడుతుంది. ఔట్‌లుక్ మెయిళ్ల కాపీగా ఉంచుకునే ఓఎస్‌టీ ఫైలు కూడా అక్కడే ఉంటుంది.

సర్వర్ ఒక్కటే ఉన్నప్పుడు

పది పదిహేను మంది ఒకే సర్వర్‌లోకి వస్తుంటే లోకల్ ప్రొఫైల్ కంటే మంచిది లేదు. ఫైళ్లు అక్కడే ఉంటాయి, కాపీ కావాల్సింది ఏమీ లేదు, లాగిన్ వేగంగా అవుతుంది. నెట్‌వర్క్ షేర్ తెగిపోతే ఏమవుతుందన్న టెన్షన్ కూడా ఉండదు. ఇలాంటి చోట ఎవరైనా వచ్చి ప్రొఫైల్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొనమంటే, ఆ డబ్బు పెట్టి మంచి యూపీఎస్ కొనుక్కోండి.

చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రొఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లోనే పెరుగుతాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో జీఎస్టీ పోర్టల్ నుంచి దించిన జిప్ ఫైళ్లు, వాట్సాప్‌లో వచ్చిన బిల్లుల ఫొటోలు గుట్టలుగా పడి ఉంటాయి. సీ డ్రైవ్ నిండితే ఒక్కరి పని కాదు, అందరి పనీ ఆగుతుంది. అందుకే సర్వర్ కొన్న రోజే డీ డ్రైవ్‌లో అందరి డేటాకి ఒక షేర్ చేసి, ట్యాలీ డేటా, పార్టీల ఫైళ్లు, స్కాన్లు అన్నీ అక్కడికే పోయేలా చేయండి. ఉద్యోగం మానేసిన వాళ్ల ప్రొఫైళ్లను సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని యూజర్ ప్రొఫైల్స్ పట్టిక నుంచి తీసేయండి. ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ మాత్రమే డిలీట్ చేస్తే రిజిస్ట్రీలోని ప్రొఫైల్‌లిస్ట్‌లో ఆ పేరు అలాగే మిగిలిపోతుంది. ఆయన మళ్లీ చేరి లాగిన్ అయితే టెంపరరీ ప్రొఫైల్‌లో (సైన్ అవుట్ కాగానే చెరిగిపోయేది) పడతాడు.

చిన్న ఆఫీసులకు లైసెన్సు విషయం కూడా ఒకటి చెప్పాలి. డొమైన్ (అందరి ఖాతాలనూ ఒకే చోట నడిపే ఏర్పాటు) లేకుండా వర్క్‌గ్రూప్‌లోనే (ఏ మెషిన్ ఖాతాలు ఆ మెషిన్‌లోనే) సర్వర్ నడుపుతుంటే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు డివైస్ లెక్కన తీసుకోండి. యూజర్ లెక్కన తీసుకునే లైసెన్సులకు డొమైన్ ఉండాలి. విండోస్ సర్వర్ 2019 నుంచి వర్క్‌గ్రూప్‌లో యూజర్ లైసెన్సు పెడితే గంటలో సెషన్ తెగిపోతుందని హెచ్చరిక వస్తుంది, తెగిపోతుంది కూడా. కింద చెప్పే పద్ధతులకు కూడా డొమైన్ ఉందనుకునే చదవండి.

రోమింగ్: పేరు బాగుంది, పని బాగోదు

రెండు సర్వర్లు ఉన్నాయనుకోండి. స్టాఫ్ ఇవాళ ఒకదాంట్లో, రేపు ఇంకోదాంట్లో పడతారు. లోకల్ ప్రొఫైల్ అయితే రెండు చోట్లా రెండు వేర్వేరు డెస్క్‌టాప్‌లు. దీనికి మైక్రోసాఫ్ట్ ఏనాడో ఇచ్చిన పరిష్కారం రోమింగ్ ప్రొఫైల్. ప్రొఫైల్ ఒక షేర్‌లో ఉంటుంది. లాగిన్ అయినప్పుడు సర్వర్‌లోకి కాపీ అవుతుంది, సైన్ అవుట్ అయినప్పుడు మార్పులన్నీ తిరిగి షేర్‌లోకి వెళ్తాయి.

లెక్క వేసి చూడండి. ఒక్కో ప్రొఫైల్ 500 ఎంబీ, పొద్దున్న పదింటికి 20 మంది ఒకేసారి లాగిన్ అవుతారనుకుందాం. అంటే 10 జీబీ కదలాలి. గిగాబిట్ నెట్‌వర్క్ మీద అంతా సవ్యంగా ఉంటే సెకనుకు 110 ఎంబీ వస్తుంది, అంటే ఒకటిన్నర నిమిషం. ఇది కాగితం మీది లెక్క. ప్రొఫైల్‌లో ఉండేవి వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు, ఒక్కొక్కటీ తెరవడం, రాయడం, మూయడం జరగాలి. అసలు సమయం దీనికి ఎన్నో రెట్లు పడుతుంది. సాయంత్రం సైన్ అవుట్‌కి మళ్లీ అదే తంతు.

వేగం సంగతి ఎలాగోలా సర్దుకున్నా, ఇంకో పెద్ద లోపం ఉంది. ఒకే మనిషి రెండు సర్వర్లలో రెండు సెషన్లు తెరిచి ఉంటే, చివరగా సైన్ అవుట్ అయిన సెషన్‌దే చెల్లుబాటు. మొదటిదాంట్లో మార్చుకున్న సెట్టింగులు పోతాయి. పైగా మనవాళ్లలో సైన్ అవుట్ అలవాటు తక్కువ. పైన ఉన్న ఇంటూ గుర్తు నొక్కి లేచి వెళ్లిపోతారు. అప్పుడు సెషన్ డిస్కనెక్ట్ అవుతుందే గానీ ముగియదు, ప్రొఫైల్ షేర్‌కి చేరదు. ఈలోగా రాత్రి సర్వర్ రీస్టార్ట్ అయితే ఆ రోజు చేసుకున్న మార్పులు గల్లంతయ్యే ప్రమాదం ఉంది.

మూడోది యాప్‌డేటాలోని లోకల్ భాగం. రోమింగ్‌లో అది కదలదు. కాబట్టి క్రోమ్ బుక్‌మార్కులు రెండో సర్వర్‌కి రావు. ఔట్‌లుక్ అక్కడ మెయిళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి దించుకుంటుంది. ఏ సదుపాయం కోసం రోమింగ్ పెట్టుకున్నామో సగం అదే దొరకదు.

విండోస్ వెర్షన్ మారితే ప్రొఫైల్ ఫోల్డర్ చివర తోక కూడా మారుతుంది. సర్వర్ 2008 ఆర్2లో డాట్ వీ2 అని ఉండేది, సర్వర్ 2016 నుంచి డాట్ వీ6. పాతది కొత్తదానిలో పనిచేయదు. సర్వర్ మార్చిన రోజు అందరూ ఖాళీ డెస్క్‌టాప్ చూస్తారు.

ఇప్పటికే రోమింగ్ నడుస్తున్నవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. టెర్మినల్ సర్వర్‌కి ప్రొఫైల్ దారి విడిగా పెట్టండి, యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్ ఖాతాల జాబితా) యూజర్ ఖాతాకి రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ ప్రొఫైల్ అని వేరే ట్యాబ్ ఉంటుంది, లేదా గ్రూప్ పాలసీలో (డొమైన్ మొత్తానికి ఒకేసారి సెట్టింగులు పెట్టే చోటు) ఇవ్వొచ్చు. ఆఫీసు పీసీ ప్రొఫైల్, సర్వర్ ప్రొఫైల్ ఒకే చోట కలిస్తే రెండూ పాడవుతాయి. డిస్కనెక్ట్ అయిన సెషన్‌ని రెండు మూడు గంటల తర్వాత ముగించేలా టైమ్ లిమిట్ పెట్టండి. తర్వాత మెల్లగా దీని నుంచి బయటపడే దారి చూసుకోండి.

ఫోల్డర్ రీడైరెక్షన్

ఇది ప్రొఫైల్ పద్ధతి కాదు, ఏ పద్ధతికైనా తోడుగా పెట్టుకునేది. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను గ్రూప్ పాలసీతో షేర్‌కి మళ్లిస్తే, ఫైళ్లు కాపీ కాకుండా షేర్ మీదే తెరుచుకుంటాయి. ప్రొఫైల్ చిన్నదవుతుంది, బ్యాకప్ సులువవుతుంది. యాప్‌డేటాని మాత్రం మళ్లించొద్దు. ప్రోగ్రాములు నిమిషానికి వందలసార్లు దాన్ని తాకుతాయి, అదంతా నెట్‌వర్క్ మీద నడిస్తే ఎక్సెల్ తెరవడానికి కూడా ఎదురుచూడాలి.

యూజర్ ప్రొఫైల్ డిస్క్

సర్వర్ 2012తో వచ్చింది. ఒక్కో యూజర్‌కి ఒక్కో వీహెచ్‌డీఎక్స్ ఫైలు (డిస్కులా పనిచేసే ఫైలు) షేర్‌లో ఉంటుంది, లాగిన్ కాగానే అది డిస్కులా తగులుకుంటుంది. కాపీలు లేవు, లోకల్ భాగం కూడా వస్తుంది. సర్వర్ మేనేజర్‌లో కలెక్షన్ (ఒక గుంపుగా పెట్టుకున్న టెర్మినల్ సర్వర్లు) ప్రాపర్టీస్‌లో టిక్ పెట్టి, షేర్ దారి ఇచ్చి, సైజు చెప్తే అయిపోతుంది. డిఫాల్ట్ సైజు 20 జీబీ.

లోపాలు: ఒక కలెక్షన్‌లో చేసిన డిస్కు ఇంకో కలెక్షన్‌లో పనికిరాదు. ఫైలు పేర్లు యూజర్ పేరుతో ఉండవు, పొడుగాటి ఎస్‌ఐడీ నంబర్లతో (ఒక్కో ఖాతాకి విండోస్ ఇచ్చే గుర్తింపు) ఉంటాయి, ఎవరిది ఏదో వెతుక్కోవాలి. ఇప్పటికే ఇది నడుస్తూ ఇబ్బంది లేకపోతే కదపక్కర్లేదు. కొత్తగా పెట్టేవాళ్లు మాత్రం తిన్నగా తర్వాతిదానికి వెళ్లండి.

ఎఫ్‌ఎస్‌లాజిక్స్

ఇదీ వీహెచ్‌డీఎక్స్ పద్ధతే, కానీ పని ఇంకా పకడ్బందీగా చేస్తుంది. షేర్‌లో ఉన్న డిస్కు ఫైలు లాగిన్ కాగానే పెన్‌డ్రైవ్ గుచ్చినట్టు సర్వర్‌కి తగులుకుంటుంది. లోపల ఉన్న ఫిల్టర్ డ్రైవర్ దాన్ని మామూలు లోకల్ ప్రొఫైల్ లాగానే ప్రోగ్రాములకు చూపిస్తుంది. క్రోమ్, ఔట్‌లుక్ దేనికీ తేడా తెలియదు. ప్రొఫైల్ ఎంత పెద్దదైనా లాగిన్ సమయం దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే కాపీ అయ్యేది ఏమీ లేదు.

దీన్ని 2018 నవంబరులో మైక్రోసాఫ్ట్ కొనేసింది. మనకు కలిసొచ్చే విషయం ఇక్కడుంది: పైన చెప్పిన రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు (క్యాల్) సక్రమంగా కొని ఉంటే ఎఫ్‌ఎస్‌లాజిక్స్ వాడుకునే హక్కు దానితోనే వస్తుంది. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం లాంటి ప్లాన్లలోనూ ఆ హక్కు ఉంది. విడిగా రూపాయి కట్టక్కర్లేదు. చాలామందికి ఈ సంగతి తెలియక రోమింగ్‌తోనే కుస్తీ పడుతున్నారు. ఈ గైడ్ రాయడానికి ముఖ్య కారణం కూడా అదే.

పెట్టేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందుల్లో మొదటిది ఇది. సర్వర్‌లో ఎఫ్‌ఎస్‌లాజిక్స్ ప్రోగ్రామ్ (ఏజెంట్) ఇన్‌స్టాల్ చేస్తారు, ఎనేబుల్డ్ విలువ 1 పెడతారు, వీహెచ్‌డీ లొకేషన్స్‌లో షేర్ దారి ఇస్తారు. లాగిన్ అయి చూస్తే షేర్‌లో ఏ ఫైలూ తయారు కాదు. కారణం: ఆ యూజర్‌కి సర్వర్‌లో పాత లోకల్ ప్రొఫైల్ ముందే ఉంటే ఎఫ్‌ఎస్‌లాజిక్స్ దాని జోలికి పోదు. పాత ప్రొఫైల్‌ను ఎఫ్‌ఆర్‌ఎక్స్ అనే కమాండ్‌తో డిస్కులోకి కాపీ చేసి, బ్యాకప్ తీసి, ఆ తర్వాత లోకల్‌ది తొలగించాలి. లోకల్ ప్రొఫైల్‌ను దానంతట అదే తుడిచేసే సెట్టింగ్ ఒకటుంది, బ్యాకప్ లేకుండా దాన్ని ఆన్ చేయొద్దు. ఒకరి డెస్క్‌టాప్ మీద ఏళ్లుగా పేరుకున్న ఫైళ్లన్నీ ఒక్క లాగిన్‌తో పోతాయి.

షేర్ పర్మిషన్ల దగ్గర తొందరపడి ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తుంటారు. అలా చేస్తే ఒకరి డిస్కు ఇంకొకరు తెరవగలరు. యూజర్లకు మోడిఫై హక్కు పై ఫోల్డర్ వరకే, క్రియేటర్ ఓనర్‌కి మోడిఫై లోపలి ఫోల్డర్లు, ఫైళ్లకు, అడ్మిన్లకు ఫుల్ కంట్రోల్. ఇలా ఇస్తే ఎవరి డిస్కు వాళ్లకే.

డిస్కు రకం డిఫాల్ట్‌గా వీహెచ్‌డీ ఉంటుంది, దాన్ని వీహెచ్‌డీఎక్స్‌గా మార్చుకోండి. సైజు డిఫాల్ట్ 30,000 ఎంబీ. అది గరిష్ట హద్దు, వాడిన కొద్దీ పెరుగుతుంది. అయినా 25 మంది ఉంటే 750 జీబీ దాకా పోయే అవకాశం ఉందని లెక్కలో పెట్టుకోవాలి. 2210 వెర్షన్ నుంచి సైన్ అవుట్ సమయంలో ఖాళీ జాగాను కుదించే సదుపాయం వచ్చింది, పాత వెర్షన్ ఉంటే మార్చుకోండి. ఫోల్డర్ పేరులో యూజర్ పేరు ముందు వచ్చేలా చేసే సెట్టింగ్ కూడా ఉంది, మొదటి రోజే పెట్టుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు. యాంటీవైరస్‌లో షేర్ మీద ఉన్న ఆ డిస్కు ఫైళ్లను మినహాయించాలి.

అడ్మిన్ ఖాతాని మాత్రం ఎఫ్‌ఎస్‌లాజిక్స్ ఎక్స్‌క్లూడ్ గ్రూపులో వేయండి. షేర్ పడిపోయిన రోజు సర్వర్‌లోకి వెళ్లి బాగుచేయాల్సింది మీరే కదా. మీ ప్రొఫైల్ కూడా ఆ షేర్ మీదే ఆధారపడితే చేతులు కట్టేసినట్టే.

దీనికీ ఒక హద్దు ఉంది. మామూలు సెట్టింగులో ఒక డిస్కు ఒకసారి ఒక సెషన్‌కే రాసే హక్కుతో తగులుకుంటుంది. ఇంటూ నొక్కి వెళ్లిపోయిన మనిషి సెషన్ మొదటి సర్వర్‌లో బతికే ఉంటే, రెండో సర్వర్‌లో ఆయన డిస్కు తెరుచుకోదు. కనెక్షన్ బ్రోకర్ (ఎవరిని ఏ సర్వర్‌కి పంపాలో చూసుకునేది) సరిగ్గా ఉంటే పాత సెషన్‌కే తిరిగి తీసుకెళ్తుంది. బ్రోకర్ లేకుండా సర్వర్ల ఐపీ అడ్రసులు చేతికిచ్చే ఆఫీసుల్లో ఈ సమస్య రోజూ వస్తుంది.

ల్యాబులు, కౌంటర్లు

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఒక కాలేజీ ల్యాబు అనుకోండి. గంటకో బ్యాచి, అందరికీ ఒకే రకం డెస్క్‌టాప్, ఎవరు ఏం మార్చినా తర్వాతివాళ్లకు కనిపించకూడదు. దీనికి మ్యాండేటరీ ప్రొఫైల్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. ఒక ప్రొఫైల్‌ను కావాల్సినట్టు తయారుచేసి, ఎన్‌టీయూజర్.డ్యాట్ పేరును ఎన్‌టీయూజర్.మ్యాన్‌గా మారుస్తారు. సైన్ అవుట్ కాగానే మార్పులన్నీ చెరిగిపోతాయి. ఫోల్డర్ పేరు చివర డాట్ వీ6 ఉండాలి, కానీ యూజర్ ఖాతాలో దారి రాసేటప్పుడు ఆ తోక రాయకూడదు. చాలామంది ఇక్కడే తడబడతారు. విద్యార్థుల ఫైళ్లు విడిగా ఒక షేర్‌లోకి పోయేలా చేసి, ఆ మాట గోడ మీద రాసి అంటించండి.

ఆడిటర్ ఆఫీసు స్టాఫ్‌కి మాత్రం ఇది పనికిరాదు. సాఫ్ట్‌వేర్ రూపంలో ఇన్‌స్టాల్ చేసుకున్న సర్టిఫికెట్లు, సేవ్ చేసిన పాస్‌వర్డులు ప్రొఫైల్‌లోనే ఉంటాయి, రోజూ చెరిగిపోతే పని సాగదు.

సిట్రిక్స్ (రిమోట్ డెస్క్‌టాప్ లాంటి పనికే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్) ఇప్పటికే కొన్నవాళ్లకు దానితోనే ప్రొఫైల్ మేనేజ్‌మెంట్ వస్తుంది, అవసరమైన ఫైలు అవసరమైనప్పుడే తెచ్చే స్ట్రీమింగ్ అందులో ఉంది. ఉంటే అదే వాడుకోండి. ప్రొఫైళ్ల కోసమని సిట్రిక్స్ కొనొద్దు. లినక్స్ సర్వర్లతో నడిచే బడులకు ఈ గొడవ తక్కువ, హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ (లినక్స్‌లో ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) షేర్ మీద పెడితే చాలావరకు సరిపోతుంది.

షేర్ ఎక్కడ ఉండాలి: బ్రాంచిలో కాదు

మెయిన్ ఆఫీసు రాయగడలో, బ్రాంచి గుణుపురంలో ఉందనుకుందాం. గుణుపురం స్టాఫ్ ప్రొఫైళ్లు గుణుపురంలోని నాస్ బాక్సులో (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) ఉంటే వాళ్లకు వేగంగా ఉంటుందని కొందరు అనుకుంటారు. ఇది తలకిందుల ఆలోచన. మనిషి గుణుపురంలో ఉన్నా ఆయన సెషన్ నడిచేది రాయగడ సర్వర్‌లో. ప్రొఫైల్ చదివేది, రాసేది ఆ సర్వర్. కాబట్టి షేర్ సర్వర్ పక్కనే, అదే స్విచ్ మీద ఉండాలి. బ్రాంచికి వెళ్లేది తెర మీది మార్పులు మాత్రమే, దానికి చిన్న లైను కూడా సరిపోతుంది. అదే 500 ఎంబీ రోమింగ్ ప్రొఫైల్ 20 ఎంబీపీఎస్ లైను మీద రావాలంటే లైను మొత్తం దానికే ఇచ్చినా మూడు నిమిషాల పైన పడుతుంది. ఇక డిస్కు పద్ధతి అయితే లైను ఒక్క క్షణం తెగినా సెషన్ బిగుసుకుపోతుంది.

ఇంకోటి కరెంటు. సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది, నాస్‌కీ ఉంటుంది, మధ్యలో ఉన్న స్విచ్ మాత్రం గోడ సాకెట్‌కి గుచ్చి ఉంటుంది. ఇలాంటి గది ఒకటి నేను చూశాను. కరెంటు పోయిన ప్రతిసారీ సర్వర్, నాస్ రెండూ వెలుగుతూనే ఉండేవి, ప్రొఫైల్ డిస్కులు మాత్రం ఊడిపోయేవి. అందరి తెరలూ ఒకేసారి స్తంభించేవి. సర్వర్ మీద అనుమానంతో ర్యామ్ కూడా మార్చారట. స్విచ్ ప్లగ్గు యూపీఎస్‌కి మారిస్తే అయిపోయింది. లోకల్ ప్రొఫైల్‌కి ఈ బెడద లేదు. షేర్ మీద ఆధారపడే ఏ పద్ధతికైనా ఉంది. కాబట్టి డిస్కు పద్ధతికి వెళ్లేముందు సర్వర్, నాస్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయో లేదో చేత్తో వైరు పట్టుకుని చూసుకోండి. యూపీఎస్ డేటా కేబుల్ సర్వర్‌కి తగిలించి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ దానంతట అదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. ముందు సర్వర్ ఆగాలి, తర్వాతే నాస్.

తెలుగు, ఒడియా, ఇంగ్లిష్: మూడు కీబోర్డుల ఆఫీసు

ఇది మన సరిహద్దు జిల్లాల ప్రత్యేక సమస్య. ప్రభుత్వ కార్యాలయాలకు ఒడియా ఉత్తరం, శ్రీకాకుళం వైపు పార్టీకి తెలుగు ఉత్తరం, బ్యాంకుకి ఇంగ్లిష్. ఒకే మనిషి మూడూ టైపు చేస్తారు. ఆ కీబోర్డు ఎంపికలు రిజిస్ట్రీలోని యూజర్ భాగంలో, అంటే ఎన్‌టీయూజర్.డ్యాట్‌లో ఉంటాయి. ప్రొఫైల్ వెనక వస్తే అవీ వస్తాయి.

అయినా పొద్దున్నకి మారిపోతున్నాయంటే ఇంకో కారణం ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ మీ పీసీలోని కీబోర్డు లేఅవుట్‌ను సెషన్‌లోకి తీసుకొస్తుంది. బ్రాంచి పీసీలో ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే సెషన్ కూడా దానితోనే మొదలవుతుంది. సర్వర్ రిజిస్ట్రీలో కీబోర్డ్ లేఅవుట్ కింద ఇగ్నోర్ రిమోట్ కీబోర్డ్ లేఅవుట్ అనే విలువ 1 పెడితే సర్వర్ తన సొంత సెట్టింగునే వాడుతుంది. రీజియన్ సెట్టింగుల్లో అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌లో కాపీ సెట్టింగ్స్ అని ఉంటుంది. మూడు కీబోర్డులూ ఒకసారి పెట్టి, కొత్త యూజర్లకు కూడా వర్తించేలా అక్కడ టిక్ చేయండి. స్టాఫ్ మొదటిసారి లాగిన్ కాకముందే ఈ పని చేయాలి. తర్వాత చేస్తే పాతవాళ్లకు వర్తించదు.

ఫాంట్లది ఇంకో కథ. సర్వర్ 2019 నుంచి మామూలుగా ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది. ఫాంట్ ఫైలు యాప్‌డేటాలోని లోకల్ భాగంలోకి పోతుంది, దాని వివరం మాత్రం ఎన్‌టీయూజర్.డ్యాట్‌లో రాసుకుంటుంది. రోమింగ్‌లో వివరం రెండో సర్వర్‌కి వస్తుంది, ఫైలు రాదు. నిన్న బాగున్న శుభలేఖ ఇవాళ వేరే అక్షరాల్లో కనబడుతుంది. ప్రొఫైల్ పద్ధతి ఏదైనా సరే, తెలుగు, ఒడియా ఫాంట్లను అడ్మిన్‌గా వెళ్లి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అని ప్రతి సర్వర్‌లోనూ వేయండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి, కొత్త ఉత్తరాలకు అది సరిపోతుంది. పాత ఫైళ్లలో గౌతమి, కళింగ వాడి ఉంటే వాటిని ఫీచర్లలోంచి విడిగా చేర్చుకోవాల్సి రావచ్చు.

స్టాఫ్‌కి చెప్పాల్సినవి

"మీరు టెంపరరీ ప్రొఫైల్‌తో సైన్ ఇన్ అయ్యారు" అని మెసేజ్ వచ్చినా, డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించినా, అక్కడ ఏ ఫైలూ సేవ్ చేయొద్దని అందరికీ చెప్పండి. సైన్ అవుట్ కాగానే అది మొత్తం చెరిగిపోతుంది. చాలామంది భయపడి మళ్లీ మొదటి నుంచి టైపు చేయడం మొదలెడతారు, సాయంత్రానికి అదీ పోతుంది. "అన్నీ పోయాయండీ" అని ఫోను వస్తే ముందు చెప్పాల్సిన మాట: ఏమీ పోలేదమ్మా, అసలు ప్రొఫైల్ దాని చోట క్షేమంగా ఉంది, ఏమీ ముట్టుకోకుండా సైన్ అవుట్ అవండి. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో 1511 నంబరు ఉందేమో, ప్రొఫైల్‌లిస్ట్‌లో ఆ యూజర్ ఎస్‌ఐడీ చివర డాట్ బ్యాక్ అని చేరిందేమో చూడండి.

పని ముగిశాక ఇంటూ నొక్కకుండా సైన్ అవుట్ చేయమని కూడా చెప్పాలి. అందుకు డెస్క్‌టాప్ మీదే ఒక సైన్ అవుట్ ఐకాన్ పెడితే సగం మంది అదే వాడతారు.

మారే ముందు ఒక ఆదివారం

సర్వర్ 2016కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2027 జనవరి 12తో ముగుస్తుంది. కాబట్టి ఇప్పుడు రోమింగ్‌తో 2016 నడుపుతున్నవాళ్లు ఎలాగూ సర్వర్ మార్చాలి. ప్రొఫైల్ పద్ధతి మార్చడానికి అదే అదను, రెండు పనులూ ఒకేసారి చేసుకోవచ్చు.

అందరినీ ఒకేసారి మార్చొద్దు. ఇద్దరు ముగ్గుర్ని తీసుకోండి, వాళ్లలో ఒకరు ఎప్పుడూ ఇంటూ నొక్కి వెళ్లిపోయేవారై ఉండాలి. మొదటి సర్వర్‌లో లాగిన్ అయి కీబోర్డు, ప్రింటర్, బుక్‌మార్కు పెట్టి సైన్ అవుట్ చేయించండి, రెండో సర్వర్‌లో అవన్నీ వచ్చాయో చూడండి. తర్వాత ఎవరూ లేని ఆదివారం నాస్ నెట్‌వర్క్ కేబుల్ ఊడదీసి చూడండి, తెర మీద ఏ మెసేజ్ వస్తుందో, అడ్మిన్‌గా మీరు లోపలికి వెళ్లగలుగుతున్నారో. కేబుల్ మళ్లీ పెట్టాక అన్నీ సర్దుకున్నాయో లేదో చూసుకోండి.

చివరగా బ్యాకప్. డిస్కు పద్ధతిలో ఒకరి ప్రొఫైల్ అంటే ఒక ఫైలు, తిరిగి పెట్టడం తేలిక. కానీ సెషన్ నడుస్తుండగా ఆ ఫైలు తెరిచే ఉంటుంది, మామూలు కాపీ పనికిరాదు. రాత్రి అందరూ సైన్ అవుట్ అయ్యాకైనా తీయాలి, లేదా షేర్ ఉన్న మెషిన్లో షాడో కాపీ స్నాప్‌షాట్ (తెరిచి ఉన్న ఫైళ్లనూ ఆ క్షణంలో ఉన్నట్టే పట్టే విండోస్ సదుపాయం) నుంచైనా తీయాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన ప్రాంతం ఇది, సర్వర్ ఉన్న గదిలోనే బ్యాకప్ డిస్కునూ ఉంచడం సరికాదు. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి, బ్రాంచి ఆఫీసు ఉన్నవాళ్లకు అది సులువే. అదే ఆదివారం ఆ కాపీ నుంచి ఒకరి ప్రొఫైల్ తిరిగి పెట్టి, ఆ మనిషి ఖాతాతో లాగిన్ అయి, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. అది తెరుచుకున్నాకే మిగతావాళ్లను మార్చడం మొదలుపెట్టండి.